పియొనీకి చలి, మామిడికి బెట్ట

జూన్‌లో మా నూజివీడు చుట్టుపక్కల ఫోన్లలో రెండు రకాల ఫొటోలు తిరుగుతుంటాయి. ఒకటి చివరి కోత రసాలవి. రెండోది అమెరికాలో పిల్లల దగ్గర ఆర్నెల్లు ఉండి వచ్చినవాళ్లు చూపించే పువ్వుది. పెరటి అంచున అన్నం పళ్లెమంత వెడల్పున, లేత గులాబీ రంగులో, రేకుల మీద రేకులతో విచ్చుకుని ఉంటుంది. ‘ఏమండీ, దీని దుంప తెప్పిస్తే మన ఎర్రనేలలో వస్తుందా?’ అని అడుగుతారు. మామిడి గురించి నాలుగు ముక్కలు రాసినవాడికి ప్రపంచంలోని మొక్కలన్నీ తెలిసి ఉంటాయని వాళ్ల నమ్మకం. ఆ పువ్వు పియొనీ. ఇక్కడ రాదు. ఎందుకు రాదో చెప్పబోతే మాత్రం సంగతి తిరిగి తిరిగి మన మామిడి దగ్గరికే వస్తుంది. అందుకే ఈ వారం ఇదే రాస్తున్నాను.

అక్కడి పెరళ్లలో కనబడేవి ఎక్కువగా చైనా, సైబీరియా పచ్చిక బయళ్లలో పుట్టిన లాక్టిఫ్లోరా అనే జాతి సంతతి. చైనా తోటమాలులు, వాళ్ల తర్వాత ఫ్రాన్సు వాళ్లు, తరాల తరబడి వాటికి రేకులు పెంచుకుంటూ పోయారు. నాకు మాత్రం ఆ బొద్దు పూల కన్నా వాటి అడవి చుట్టాలంటేనే ఇష్టం. ముప్పైకి పైగా జాతులు. ఎక్కువ వాటికి ఒక్క వరస రేకులే, మధ్యలో పచ్చటి కేసరాల కుచ్చు. కాయ పగిలితే లోపల రెండు రంగుల గింజలు కనబడతాయి: నల్లగా నిగనిగలాడేవి మొలకెత్తే గింజలు, ఎర్రటివి ఉత్త తాలు.

అందులో ఒకటి మన దేశానిదే. పియొనియా ఇమోడీ అని కాశ్మీరు నుంచి నేపాల్ దాకా హిమాలయాల్లో, సుమారు రెండు వేల మీటర్ల ఎత్తున, అడవి అంచుల్లో తెల్లగా పూస్తుంది. అక్కడి కొండవాళ్లు లేత చిగుళ్లను కూర వండుకుంటారు. పియొనీ వేరు యునానీ వైద్యంలో పాత మందు. ఊద్ సలీబ్ అంటారు. మూర్ఛకు వాడతారు. చార్మినార్ పక్కనే నిజామియా టిబ్బీ కాలేజీ ఉన్న హైదరాబాదులో ఆ పేరు తెలిసినవాళ్లకు కొదవలేదు. అంటే పువ్వు ఎరగకపోయినా వేరును తెలుగు నేల ఎప్పుడో ఎరుగును. మొక్క మొదట్లో చల్లటి మంచు, అంగట్లో ఎండిన వేరు: రెండింటి మధ్యా ఎంత దూరమో కొనేవాడికి ఎవరూ చెప్పరు.

ఇక ఎందుకు రాదన్న సంగతి. పియొనీ ఆకు శరత్కాలంలో వాడిపోతుంది. మొక్క చచ్చిందనుకుంటాం. కాని నేలలో, వేరు తల మీద, వచ్చే ఏటి మొగ్గలు అప్పటికే కట్టి ఉంటాయి. తోటమాలులు వాటిని కళ్లు అంటారు. ఆ కళ్లకు వారాల తరబడి ఏడు డిగ్రీల లోపు చలి తగలాలి. తగలకపోతే వసంతంలో అవి లేవవు, లేచినా ఆకులే గాని పువ్వుండదు. దుంపను లోతుగా పాతినా అంతే. కళ్ల మీద అయిదు సెంటీమీటర్లకు మించి మట్టి ఉండకూడదని అక్కడివాళ్లు పదేపదే చెప్పుకుంటారు. గింజది ఇంకా ఓపిక. వెచ్చటి నెలల్లో వేరు పెడుతుంది, ఆ తర్వాత ఒక చలికాలం గడిస్తేగాని మొలక పైకి రాదు. పువ్వు చూడటానికి నాలుగైదేళ్లు. మామిడి టెంక సంగతి దీనికి పూర్తిగా తలకిందులు. తిని పారేసిన టెంక నెలా నెలన్నరలో నేలలో పడాలి. ఎండిందా, ప్రాణం పోయినట్టే. వేడి, తడి కలిసి వచ్చే చోట పుట్టిన గింజకు ఆగడం ఎవరూ నేర్పలేదు.

అయితే అడవి పియొనీలన్నీ ఒకే చలి అడగవు. నాకు నచ్చే సంగతి ఇదే. మధ్యధరా సముద్రంలో మజోర్కా దీవి మీద కాంబెసెడెసీ అని ఒక జాతి ఉంది. ఆకు కింద ఊదారంగు. దానికి గడ్డకట్టే చలి అక్కర్లేదు, తేలికపాటి శీతాకాలం చాలు. కాని వేసవి పొడిగా ఉండాలి. వాన ఎక్కువగా ఉండే ఇంగ్లండులో దాన్ని పెంచాలంటే గాజు కప్పు కింద పెట్టాల్సిందే. చలికి భయపడి కాదు, తడికి. కాలిఫోర్నియాలో ఇంకో జాతి పొదలు నిండిన ఎండు కొండల్లో బతుకుతుంది. చలికాలపు వానలకు లేస్తుంది, జనవరి నుంచి మార్చిలోగా ముదురు ఎరుపు పూలు తలవంచుకుని పూస్తాయి, వేసవి ముదిరేసరికి నేలలోకి వెళ్లిపోతుంది. ఫ్రీమాంట్, శాన్‌హోజేల్లో ఉన్న మనవాళ్లకు దక్షిణాన కొండల మీద నడిస్తే కనబడుతుంది. ఇజ్రాయెల్‌లో మేరోన్ కొండ మీద మాస్కులా జాతి పూస్తుంది. సైబీరియా అనోమలాకు మాత్రం గడ్డకట్టే చలి వస్తేనే ఇల్లు.

కాబట్టి పెంచేవాళ్లు అడిగే మొదటి ప్రశ్న ఎంత ఎరువు, ఎంత నీరు అని కాదు. ఎప్పుడు పడుకుంటుంది, ఏది లేపుతుంది అని. ఈ లెక్కతోనే వ్యాపారం కూడా నడుస్తోంది. అందరి దగ్గరా పూలు అయిపోయాక, జులై నుంచి సెప్టెంబరు దాకా, అలాస్కా పియొనీలు మార్కెట్టుకు వస్తాయి, అక్కడ వేసవి ఆలస్యం గనుక. ఇజ్రాయెల్ రైతులు ఉల్టాగా ముందు అమ్ముకుంటారు. చలి తగిలాక మొక్కలకు జిబ్బరెల్లిన్ అనే హార్మోను పోసి తొందర పెడతారు.

ఆ హార్మోను పేరు నూజివీడు రైతుకు కొత్త కాదు, ఇంకో దారిలో వచ్చి ఉంటుంది. తోటలో కల్టార్ అనే మందు పోసినప్పుడు మనం చేసేది చెట్టులో ఆ జిబ్బరెల్లిన్‌నే తగ్గించడం. తగ్గితే చిగురు ఆగుతుంది, పూత కడుతుంది. ఒకచోట పువ్వు కోసం పోసేదాన్ని ఇంకోచోట పువ్వు కోసం తగ్గిస్తున్నారు. ఏటా కల్టార్ పోస్తూ పోతే మందు నేలలో నిలిచిపోయి, పూగుత్తులు గిడసబారి, చెట్టు కుంగుతుందన్నది తోటలు చూసిన ఎవరైనా చెబుతారు. నా మటుకు కల్టార్ కంటే బెట్టే నమ్మకం.

బెట్ట అంటే ఊళ్లో అందరికీ తెలుసు. అక్టోబరు తర్వాత తోటకు తడి ఆపేయాలి. కోత అయ్యాక వచ్చిన చిగురు ముదరాలి, నేల ఆరాలి, రాత్రులు చల్లబడాలి. ఈ మూడూ కలిస్తే డిసెంబరు, జనవరిలో పూత. మామిడికి పియొనీ అంత చలి వద్దు. ఎక్కడో ప్రయోగశాలలో పగలు ఇరవై, రాత్రి పదిహేను డిగ్రీల లోపు ఉంచితే పూత వస్తుందని తేల్చారు. మన దగ్గర పగళ్లు అంత చల్లబడవు కాబట్టి ఆ లోటును బెట్ట, ముదురు కొమ్మ పూడుస్తాయి. ఇందులో ఏది తప్పినా చెట్టుకు తెలిసిపోతుంది. నవంబరులో తుపాను వచ్చి నాలుగు రోజులు ముసురు పట్టిందనుకోండి, పూత రావాల్సిన కొమ్మ మీద ఎర్రటి చిగురు లేస్తుంది. చూడ్డానికి అందం, రైతుకు దిగులు. పిందె బఠాణీ గింజంత అయ్యేదాకా తడి పెట్టకుండా ఓర్చుకోవడమే మామిడిలో అన్నిటికన్నా కష్టమైన పని. ఏమీ చేయకుండా ఉండమంటే మనిషికి చేతులు దురద పెడతాయి.

చలి చాలని చోట మొక్కనే మార్చుకున్నవాళ్లూ ఉన్నారు. హిమాచల్ ప్రదేశ్‌లోని బిలాస్‌పూర్ జిల్లాలో హరిమన్ శర్మ అనే రైతు తక్కువ చలికి కాసే ఆపిల్‌ను ఎంచి నిలబెట్టాడు. హెచ్ఆర్ఎంఎన్-99 అని పేరు. 2025లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఆ రకం ఆసిఫాబాద్ దాకా వచ్చింది. పియొనీలో అలాంటి పని ఎవరైనా చేసినా మన మే నెల నలభై మూడు డిగ్రీలు, దాని వెనకే జూన్ వాన, రెండూ కలిసి దుంపను కుళ్లబెడతాయి. లంబసింగిలో పెడితే అన్నవాళ్లున్నారు. అక్కడ చలి తెల్లవారుజామున వచ్చి పదింటికల్లా పోతుంది. పియొనీకి కావలసింది ఫొటో దిగే చలి కాదు, నేలలో నెలల తరబడి నిలిచే చలి.

మన నేలకు మన అడవి దుంప ఉంది. అడవినాభి. వాన పడ్డాక చాట్రాయి, విస్సన్నపేట వైపు కొండవాలుల్లో, కంచెల మీద ఎగబాకుతుంది. ఆకు కొసనే తీగలా మెలితిప్పి పక్క కొమ్మను పట్టుకుంటుంది. రేకులు వెనక్కి విరిచి, అంచులు అలలు తిరిగి, పసుపులో మొదలై ఎరుపులోకి తిరిగే పువ్వు. పక్కనున్న తమిళనాడుకు రాష్ట్ర పుష్పం. అక్కడి మెట్ట పొలాల్లో గింజ కోసం, అందులో ఉండే కోల్చిసిన్ కోసం పంటగా వేస్తారు. మన దగ్గర కంచె కొట్టేటప్పుడు పీకి పారేస్తాం.

దీని నిద్ర పియొనీ నిద్రకు వ్యతిరేకం. శీతాకాలం వచ్చేసరికి తీగ ఎండిపోతుంది. దుంప ఎండాకాలమంతా నేలలో పొడిగా పడి ఉంటుంది. మొదటి గట్టి వానకు లేస్తుంది. మే నెల ఎండ దానికి శిక్ష కాదు, విశ్రాంతి. దుంప రెండు కొమ్మల కర్రలా ఉంటుంది, కొమ్మ చివర ఒకటే కన్ను. అది విరిగితే ఆ కొమ్మ నుంచి మొలక రాదు, అందుకే తవ్వేటప్పుడు పార వద్దు, చేత్తో మట్టి తీయండి. కుండీలో నాలుగైదు సెంటీమీటర్ల లోతున అడ్డంగా పడుకోబెట్టండి. ఎక్కడానికి ఏదైనా కంప పాతండి. కొండ మీది దుంపలు తవ్వకుండా గింజతో మొదలుపెడితే ఇంకా మంచిది, మూడు నాలుగు వానాకాలాలు ఆగగలిగితే. ఒక హెచ్చరిక: మొక్క అంతా విషం, దుంప మరీ. కూరదుంపల పక్కన పెట్టకండి. చిన్నపిల్లలు, మేకలు ఉన్న ఇళ్లలో అసలు వద్దు.

అమెరికా నుంచి సూట్‌కేసులో పియొనీ దుంప తేవాలనుకునేవాళ్లకు ఒక మాట. 2003 నాటి మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం దిగుమతి పర్మిటు, ఆ దేశం ఇచ్చే ఆరోగ్య ధ్రువపత్రం లేకుండా దుంపలు తేవడం నేరం. దొంగచాటుగా తెచ్చినా బతకదు, పైగా దాంతో వచ్చే తెగులు బతుకుతుంది. పియొనీని పిల్లల ఊళ్లోనే మేలో చూసి రండి. ఇక్కడ జూన్‌లో అడవినాభి నాటండి. వచ్చే ఏడు ఫిబ్రవరి నుంచి మే దాకా ఆ కుండీకి ఎవరూ నీళ్లు పోయకుండా ఇంట్లోవాళ్లకు గట్టిగా చెప్పిపెట్టండి.