భుజానికి వేసిన కుట్టు: ఫలితాన్ని కొలవటం ఎట్లా?

చేయి పైకెత్తి నల్లబల్ల మీద వ్రాసే ఉపాధ్యాయునికి తన భుజపు కీలు ఎంత పని చేస్తున్నదో తోచదు. నొప్పి పుట్టిననాడే దాని విలువ తెలుస్తుంది. చిన్న మూకుడు మీద పెద్ద బంతి పెట్టినట్లు, రెక్క ఎముకలోని లోతులేని గుంటపై భుజాస్థి తల నిలిచి ఉంటుంది. అది జారిపోకుండా నాలుగు కండరాలు పట్టి ఉంచుతవి. వాటి స్నాయుబంధనాలు కలిసి ఎముక తలను పట్టీవలె చుట్టుకొని ఉంటవి. ఈ పట్టీకే రొటేటర్ కఫ్ అని పేరు. వయస్సు మీరటం వలన గాని, దెబ్బ తగలటం వలన గాని ఇది చిరిగి ఎముక నుండి విడిపోతే చేయి ఎత్తటం కష్టమవుతుంది. రాత్రివేళ నొప్పి నిద్ర పట్టనీయదు.

ఈ చిరుగును తిరిగి ఎముకకు కుట్టటానికి నేడు విరివిగా వాడే సాధనం కుట్టు లంగరు. ఇది కొద్ది మిల్లీమీటర్ల మందం గల చిన్న మరమేకు వంటిది. టైటానియంతో గాని, ప్లాస్టిక్ జాతి పదార్థంతో గాని, శరీరంలో క్రమంగా కరిగిపోయే పదార్థంతో గాని దీనిని తయారుచేస్తారు. లంగరును ఎముకలో దించి, దానికి తగిలించిన దారాలతో స్నాయుబంధనాన్ని ఎముక మీదికి లాగి ముడివేస్తారు. అయితే లంగరు చేసే సాయం తాత్కాలికమే. ఎముకకూ స్నాయుబంధనానికీ నడుమ జీవకణాలు కొత్త అతుకు వేసేవరకు అది పట్టి ఉంచాలి. అతుకు పడకపోతే ఎంత గట్టి లంగరైనా చాలకాలం ఆదుకోలేదు.

మరి ఈ చికిత్స ఫలించినదని ఎప్పుడు అనాలి? ఈ ప్రశ్న వేసిన తొలి శస్త్రవైద్యులలో అమెరికాలోని బోస్టన్ నగరానికి చెందిన కాడ్మన్ ముఖ్యుడు. చిరిగిన భుజ స్నాయుబంధనాన్ని 1909లో కుట్టి, ఆ సంగతి 1911లో ప్రకటించినవాడు ఆయనే. ప్రతి రోగినీ ఏడాది గడిచిన తరువాత మళ్ళీ చూచి, తుది ఫలితాన్ని వ్రాసిపెట్టాలని ఆయన పట్టుబట్టాడు. తన ఆసుపత్రి నుండి 1911–1916 మధ్య పంపివేసిన 337 మంది రోగుల విషయంలో జరిగిన 123 పొరపాట్లను తానే అచ్చువేయించాడు. నేటి పరిశోధన పత్రాలను తూచటానికి ఈ నిజాయితీయే తగిన తూనిక.

ఆస్ట్రేలియాలోని సిడ్నీ నుండి 2003లో వచ్చిన పత్రంలో లంగర్లతో కుట్టిన 342 భుజాల వివరాలున్నవి. వాటిలో 22 భుజాలకు మళ్ళీ శస్త్రచికిత్స చేయవలసి వచ్చినది. విప్పి చూస్తే 19 భుజాలలో దారాలు స్నాయుబంధనాన్ని కోసుకొని బయటపడినవి; లంగరు ఊడినది ఒక్క దానిలోనే. బలహీనత లోహంలో గాక ధాతువులో ఉన్నదని దీనివలన తెలుస్తున్నది. కాని, చూడగలిగినది తిరిగి కోసిన భుజాలను మాత్రమే. నొప్పి లేక ఇంట్లో కూర్చున్నవారి కుట్లు ఎట్లా ఉన్నవో ఈ లెక్క చెప్పదు.

ఆ లోటును 2004లో సెయింట్ లూయిస్ నగరపు వాషింగ్టన్ విశ్వవిద్యాలయం నుండి గలాట్జ్ మొదలైన ఐదుగురు ప్రకటించిన పత్రం కొంత తీర్చినది. పెద్ద చిరుగులున్న 18 మందికి ఆర్థ్రోస్కోప్ సాయంతో కుట్లు వేసి, కనీసం ఏడాది తరువాత అందరికీ అల్ట్రాసౌండ్ పరీక్ష చేశారు. 17 మందిలో చిరుగు మళ్ళీ కనిపించినది. అయినా 16 మంది స్థితి మెరుగుపడినది. 100 మార్కుల కొలతలో సగటు 48.3 నుండి 84.6కు పెరిగినది. తమ కుట్లు నిలవలేదని తామే చెప్పుకోవటం ఈ పత్రపు గొప్పతనం.

అయితే దీనిని చదివి “కుట్టు ఊడినా ఫరవాలేదు” అనుకోవటం తప్పు. అతుకు పడినవాడు ఒక్కడే అయినప్పుడు, అతుకు వలన లాభమెంతో పోల్చి చెప్పటానికి వీలులేదు. శస్త్రచికిత్స లేకుండా విశ్రాంతి, వ్యాయామం మాత్రమే పొందినవారు పోలికకు లేరు. కాబట్టి మేలు చేసినది కుట్టో, తరువాతి వ్యాయామమో, కాలమో తేలదు. ఆ మార్కులలోనూ చిక్కున్నది. 50 మార్కులు నొప్పికి, 50 పనితీరుకు. లెక్కలలో తక్కువ వచ్చిన విద్యార్థి తెలుగులో వచ్చిన మార్కులతో మొత్తం పెంచుకున్నట్లు, నొప్పి తగ్గటం వలననే మొత్తం బాగా పెరగవచ్చు. పైగా రెండవసారి పరీక్షించేసరికి సగటు 79.9కి దిగినది.

పెద్ద పరిశోధనలు ఈ సందేహాలను కొంత తీర్చినవి. బ్రిటన్‌లో 273 మందిని చీట్లు తీసినట్లు రెండు జట్లుగా విడదీసి, ఒక జట్టుకు ఆర్థ్రోస్కోప్ పద్ధతిలో, మరొక జట్టుకు కోత పెట్టి చికిత్స చేయటానికి నిర్ణయించారు. 2017లో ప్రకటించిన ఫలితాల ప్రకారం రెండేళ్ళకు రోగులు చెప్పుకున్న స్థితిలో జట్ల మధ్య భేదం లేదు. తిరిగి చిరిగినవి మొదటి జట్టులో నూటికి 46.4, రెండవ దానిలో 38.6, ఇదీ లెక్కించదగిన భేదం కాదు. కాని అతుకు నిలిచినవారే అందరికంటె బాగుపడ్డారు. నార్వేలో 3 సెంటీమీటర్లకు మించని చిరుగులున్న 103 మందిలో కొందరికి కుట్లు, కొందరికి వ్యాయామం ఇచ్చారు. అయిదేళ్ళకు కుట్టు జట్టు 100కు 5.3 మార్కులు ముందున్నది. పదేళ్ళకు ఆ తేడా 9.6 అయినది. వ్యాయామంతోనే గడిపినవారిలో నూటికి 37 చిరుగులు అయిదేళ్ళలో 5 మిల్లీమీటర్లకు పైగా పెరిగినవి.

రెండేళ్ళకు సమానంగా కనిపించినది పదేళ్ళకు సమానం కాకపోవచ్చునన్నమాట. అదే సమయంలో, వ్యాయామం పొందినవారిలో చాలామంది కత్తి అవసరం లేకుండానే పదేళ్ళు గడిపారన్నదీ మరువరాదు. భుజం నొప్పితో వచ్చిన మనిషి తన చేతిని శస్త్రవైద్యునికి అప్పగించాలా వద్దా అని నిర్ణయించుకునేది ఇటువంటి లెక్కల మీదనే. కాబట్టి అల్ట్రాసౌండ్ బొమ్మ ఒక్కటే చూపినా, రోగి మాట ఒక్కటే చెప్పినా ఆ లెక్క సగమే. రెండూ చూపి, ఎవరితో పోల్చినదీ, ఎన్నేళ్ళు చూచినదీ చెప్పిన పత్రమే కాడ్మన్ తూనికకు నిలుస్తుంది.