మొదటి పేజీ నుంచే మంచివాడు

ప్రేమ నవలలో కథానాయకుడంటే ఎలా ఉండాలో మా తరం పాఠకురాళ్ల మనసులో ఒక అచ్చు పడిపోయింది. ఆరడుగుల మనిషి, పెద్ద కారు, పెదవి విప్పని గాంభీర్యం. అద్దె లైబ్రరీ నుంచి యద్దనపూడి సులోచనారాణి 'సెక్రటరీ' తెచ్చుకుని, వంతులు వేసుకుని చదివినవాళ్లం. అందులో కథానాయకుడు రాజశేఖరం మనసు కథానాయిక జయంతికి తేటతెల్లమయ్యేసరికి నవల అయిపోవస్తుంది. అంతవరకూ ఆ బింకం వెనక మంచితనం ఉందని నమ్మి పేజీలు తిప్పాలి. ఆ నవలంటే నాకిప్పటికీ ప్రేమే. కానీ ఈమధ్య చదువుతున్న ఇంగ్లిషు ప్రేమ నవలల్లో కథానాయకుడు మొదటి పేజీ నుంచే మంచివాడు. ఆ మంచితనాన్ని దాచుకోవాలని కూడా అతనికి తోచదు.

బ్రిటిష్ రచయిత్రి తాలియా హిబ్బర్ట్ నవల 'టేక్ ఎ హింట్, డానీ బ్రౌన్' 2020లో వచ్చింది. డానీ పీహెచ్‌డీ పనిలో పడి తిండీ నిద్రా మరిచిపోయే పిల్ల. జాఫిర్ అన్సారీ అదే యూనివర్సిటీలో సెక్యూరిటీ గార్డు. ఒకప్పుడు రగ్బీ ఆడినవాడు, కొండలాంటి మనిషి. తండ్రినీ అన్ననూ ఒకేసారి పోగొట్టుకుని కుంగిపోయాడు, ఆందోళనతో ఇంకా పెనుగులాడుతూనే ఉన్నాడు. ఆ రోజుల్లో అతనికి ఆసరా అయిన వాటిలో ప్రేమ నవలలూ ఉన్నాయి. పొద్దున్నే ఆమె అతనికి కాఫీ తెచ్చిస్తుంది. అతను ఆమె చేతిలో ఒక ప్రోటీన్ బార్ పెడతాడు. ఇద్దరి మధ్యా ప్రేమన్న ఊసే లేనప్పటి సంగతిది. ఈ పిల్ల ఏమీ తినకుండా పరుగెత్తుకొచ్చి ఉంటుందని అతనికి తెలుసు, అంతే.

నేను ఆ పేజీ దగ్గర చాలాసేపు ఆగిపోయాను. నగలూ చీరలూ డబ్బున్నవాడెవడైనా కొనిస్తాడు. మనం తిన్నామో లేదో తెలియాలంటే మాత్రం ఆ మనిషి చూపు మన మీద ఉండాలి. ఇంటిల్లిపాదికీ వడ్డించి, గిన్నెలో మిగిలినదాంతో ఆఖర్న కూర్చునే ఆడవాళ్లకు ఆ ప్రోటీన్ బార్ విలువ నేను విడమరిచి చెప్పక్కర్లేదు.

హెలెన్ హోయాంగ్ రాసిన 'ద కిస్ కోషెంట్' (2018)లోనూ ఇలాంటి చూపే ఉంది. స్టెల్లా లెక్కల్లో దిట్ట, ఆటిజం ఉన్న యువతి. సాన్నిహిత్యం నేర్పమని మైకేల్ అనే యువకుడికి డబ్బిచ్చి మరీ పిలిపించుకుంటుంది. డబ్బు తీసుకున్న పనే అయినా, ఆమె ఒళ్లు బిగుసుకుపోవడం చూసి అతను ఆగిపోతాడు. ఈ నవల కోసం విషయాలు సేకరిస్తున్నప్పుడే తనకూ ఆటిజం ఉందని రచయిత్రి గుర్తించింది. తాకితే ఒళ్లు ఎలా ముడుచుకుంటుందో ఆమె అంత దగ్గరగా రాయగలిగింది అందుకేననిపిస్తుంది.

ఇదంతా కొత్త ఫ్యాషన్ అనేవాళ్లున్నారు. నేనొప్పుకోను. 1972లో వచ్చిన క్యాథ్లీన్ వుడివిస్ నవల 'ద ఫ్లేమ్ అండ్ ద ఫ్లవర్' లక్షల్లో అమ్ముడుపోయింది. అందులో బలాత్కారం చేసినవాడే చివరికి ప్రేమించే భర్త అవుతాడు. ఆడవాళ్లకు అలాంటివాడే కావాలని చాలామంది తీర్మానించేశారు. జానిస్ రాడ్‌వే అనే అమెరికన్ పరిశోధకురాలు మాత్రం ఒక ఊళ్లో ఈ నవలలు తెగ చదివే స్త్రీల దగ్గరకే వెళ్లి అడిగింది. తెలివి, సున్నితత్వం, సరదాగా మాట్లాడే గుణం ఉన్న కథానాయకుడు కావాలన్నారు వాళ్లు. హింసించేవాణ్ని వద్దన్నారు. రాడ్‌వే పుస్తకం 'రీడింగ్ ద రొమాన్స్' వచ్చింది 1984లో. అంటే పాఠకురాళ్లు ఎప్పటినుంచో అడుగుతున్నదే రచయిత్రులు ఇప్పుడు ధారాళంగా ఇస్తున్నారు.

మంచివాడితో కథ ఏం నడుస్తుందని రాసేవాళ్లు నన్ను అడుగుతుంటారు. నిజమే, అది కష్టమైన పని. ఉత్తరం చేతులు మారడం, చాటుగా విన్న సగం మాట, ఉక్రోషంతో కొట్టిన చెంపదెబ్బ, ఇవన్నీ చేతికందే పనిముట్లు. మంచివాణ్ని పెట్టుకుంటే అవేవీ పనికిరావు. డానీకి ప్రేమ వద్దు, తనకది అచ్చిరాదని ఆమె నమ్మకం. జాఫిర్‌కు జీవితాంతం నిలిచే తోడు కావాలి. ఇద్దరూ మంచివాళ్లే, ఒకరంటే ఒకరికి ఇష్టమే, అయినా ముందుకు అడుగు పడదు. ఆ చిక్కు విప్పాలంటే రచయిత్రికి ఇద్దరి మనసుల్లోపలా ఏముందో క్షుణ్ణంగా తెలిసుండాలి. ఇక్కడే చాలామంది ఇంకో గోతిలో పడతారు. అడిగినదానికల్లా తలూపేవాణ్ని మంచివాడనుకుని రాస్తారు, నవల అక్కడితో చప్పబడుతుంది. జాఫిర్ అలాంటివాడు కాడు. తనకేం కావాలో తెలుసుకున్నాక దాన్ని దాచుకోకుండా చెప్పేస్తాడు.

ఇప్పుడు మన తెలుగులో ఎంతోమంది అమ్మాయిలు ఫోన్లలోనే సీరియళ్లు రాస్తున్నారు, వాటిని ఆత్రంగా చదివేవాళ్లూ ఉన్నారు. నేనూ చదువుతాను. బలవంతంగా తాళి కట్టేవాడూ, చేయి పట్టి గుంజి తర్వాత క్షమాపణ చెప్పే కంపెనీ యజమానీ వాటిలో ఇంకా తరచుగానే ఎదురవుతున్నారు. రాస్తున్నవాళ్లకు నాదొక విన్నపం. మీ కథానాయకుడు కథానాయిక మీద చేయి చేసుకునే అధ్యాయాన్ని తీసేయండి. ఆ చోట, ఇంట్లో ఎవరూ పట్టించుకోని ఆమె అలసటను అతను గమనించే సన్నివేశం ఒకటి రాసి చూడండి. చదవడానికి మేమున్నాం.