కందా, నీకు దండం

కందా! పత్తిని తెల్లబంగారం అన్నారు. మిరపకు గుంటూరులో ఆసియాలోకెల్లా పెద్ద యార్డు కట్టారు. నువ్వేమో ఒంటినిండా మన్నుతో సంతలో గోనెపట్టా మీద కూర్చుంటావు. నీకు ఏ బిరుదూ లేదు. అందుకే ఈ నాలుగు మాటలూ నీకు.

పర్చూరు, చిలకలూరిపేట నల్లరేగళ్ళు నీ చోటు కావు. నీరు నిలవని గుల్లమట్టి కావాలి నీకు. కృష్ణ కాలువ పారే దుగ్గిరాల, కొల్లిపర పొలాల్లో, పసుపు మళ్ళ పక్కన నీ కాపురం. విత్తనపు ముక్కను పేడనీళ్ళలో ముంచి నాటితే ఒకే ఒక్క కాడ లేస్తుంది, పాము ఒంటి మచ్చలతో. దాని నెత్తిన ఆకుల గొడుగు. కింద ఎంత ఊరుతున్నావో ఎవరికీ తెలియనివ్వవు. నెలలు గడిచి గొడుగు పండి వాలాకే గునపం దిగుతుంది. తవ్వాక కూడా తొందరపెట్టవు. ఓ మూల నీడన పెడితే వారాల తరబడి అలాగే ఉంటావు.

2021లో నల్ల తామరపురుగు మిరప తోటల మీద పడింది. పూత రాలిపోతుంటే చూస్తూ నిలబడ్డ రైతుల ముఖాలు ఈ నేల ఇప్పట్లో మరిచిపోదు. పేరున్న పంట కూలిన ఏడు మన్నులోని దుంప విలువ తెలుస్తుంది. ఉత్తరాది ఐరోపావాళ్ళకూ ఇది తెలుసు. వాళ్ళ చలినేలల్లో రుటబాగా అనే పసుపురంగు దుంప ఉంది. 1916లో జర్మనీలో బంగాళాదుంప పంట పోయింది. యుద్ధం, ఆకలి. ఆ చలికాలమంతా జనం పశువుల మేతగా వేసిన ఆ దుంపనే తిని బతికారు. ఫిన్లాండులో క్రిస్మస్ రోజున దాన్నే మెత్తగా మెదిపి, పొయ్యిలో కాల్చి, గౌరవంగా వడ్డిస్తారు.

నీకు జరిగే గౌరవం అంతకన్నా లోతైనది. తద్దినం నాడు చాలా ఇళ్ళలో మిరపకాయ వంటింట్లోకి రాదు, కారానికి మిరియమే. పోర్చుగీసు ఓడల్లో వచ్చిన మిరప ఈ జిల్లాలను ఎంత ఏలినా, పితృదేవతల విస్తరికి ఇంకా కొత్తదే. బంగాళాదుంపకూ క్యాబేజీకీ అక్కడ చోటు లేదు. నువ్వు మాత్రం ఉంటావు. తాతల తాతలు ఎరిగిన రుచివి కదా! అదే చేత్తో పెళ్ళిపందిట్లోనూ వడ్డిస్తారు నిన్ను.

‘కందకు లేని దురద కత్తిపీటకెందుకు’ అంటూ సామెత నీ దురదనే పట్టుకుంది. అది నీలోని సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాల పని. పచ్చిగా కొరకబోయే నోటికి నీ జవాబు. మా అమ్మమ్మలు దాన్ని తప్పుగా ఎంచలేదు. చేతికి నూనె రాసుకుని కత్తిపీట ముందు కూర్చున్నారు, చింతపండు పులుసుతో నిన్ను దారికి తెచ్చుకున్నారు. ఆ ఓర్పుకే నేను మొక్కుతాను, నీతోపాటు.

రా, మహాతల్లీ! చెక్కు మందంగా తీశాం. లోపలి గులాబీ రంగు బయటపడింది. బచ్చలి కాడలతో సహా తరిగి ఉంది. ఉడికి మెత్తబడు, పులుసు పీల్చుకో. శనగపప్పు, ఎండుమిరప వేసి తాలింపు పెడతాం, నీ పక్కన మిరపకూ చోటిస్తాం. దించి చల్లారాక నూరిన ఆవ కలుపుతాం. ముక్కుకు ఘాటెక్కేలా, వేడన్నంలోకి.