వాన గొట్టం ఎటు పోతోంది?

తొలకరి పడ్డాక హైదరాబాద్‌లో ప్లంబర్ ఫోన్ ఎత్తితే మన అదృష్టం. అందుకే మా ప్లంబర్‌ని నేను రోహిణి కార్తె ఎండల్లోనే పిలుస్తాను. చినుకు జాడ లేనప్పుడు డ్రైనేజీ గొడవేమిటని ఇంట్లోవాళ్లు వింతగా చూస్తారు. చూడనీ.

అతను రాగానే అడిగేది బకెట్టు నీళ్లు, గుప్పెడు పసుపు. డాబా ఎక్కి, తూములో చెత్త ఏరేసి, ఆ పసుపు నీళ్లు కుమ్మరిస్తాడు. కిందికొచ్చి చాంబర్ మూత తీస్తాడు. అందులో పసుపు రంగు కనబడిందా, జబ్బు దొరికినట్టే. వాన గొట్టాన్ని తెచ్చి మరుగుదొడ్డి లైన్లో కలిపేశారన్నమాట. కొత్త ఇళ్లలోనూ ఇది మామూలే. వీధి కాలువ దాకా విడిగా గొట్టం వేయాలంటే కొంచెం పైపు, ఒక పూట కూలి అదనం. చాంబర్ పక్కనే ఉందిగా, పని కానిచ్చేస్తారు.

చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. 150 చదరపు మీటర్ల డాబా మీద 50 మిల్లీమీటర్ల వాన పడితే 7,500 లీటర్లు. పట్టణాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లని ఇంజనీర్లు లెక్క కడతారు. అంటే నలుగురున్న ఇల్లు దాదాపు రెండు వారాలు వాడే నీళ్లు ఒక్క జడివానలో ఆ లైన్లోకి దిగుతున్నాయి. వీధి వీధంతా ఇదే పని చేస్తే పెద్ద లైను నిండక ఏమవుతుంది?

నిండిన నీరు వెనక్కి తంతుంది. ముందు గాలిని తోస్తుంది. బాత్రూమ్ జాలీలో గుడగుడ మొదలవుతుంది. ఆ చప్పుడు వినబడగానే పైఅంతస్తుల వాళ్లు నీళ్లు వాడటం ఆపాలి. వాళ్లకు వినబడదు, అదే చిక్కు. కలిపింది ఎవరైనా, మురుగు తేలేది అన్నిటికన్నా పల్లంలో ఉన్న ఇంట్లో.

ఆ పల్లం కూడా పుట్టుకతో వచ్చింది కాదు. పాత సీసీ రోడ్డు తవ్వకుండా దానిమీదే ఇంకో రోడ్డు పోస్తారు. కాంట్రాక్టరుకు సులువు. రోడ్డుతోపాటు మ్యాన్‌హోల్ మూతనూ ఎత్తు చేస్తారు. ఒకప్పుడు మూడు మెట్లెక్కి వెళ్లిన ఇంట్లోకి ఇప్పుడు మెట్టు దిగి వెళ్లాలి. పొంగిన మురుగుకు వీధి మూత కన్నా మన బాత్రూమే దగ్గరి దారి అవుతుంది. రోడ్డు ఎత్తు గురించి కాలనీ మీటింగులో నేనెప్పుడు ఎత్తినా టీ వచ్చేస్తుంది.

కోస్తాలో పాత మండువా ఇళ్లు చూసినవాళ్లకు తెలుసు: నడి ఇంట్లో పడ్డ వాన తూములోంచి బయటికి పోయేది, వంటింటి నీళ్లు అరటి పాదుకు చేరేవి. మరుగుదొడ్డి పెరటి చివర ఎక్కడో. ఆ రోజులు మళ్లీ రావాలని నేననను. ఆ దొడ్డిని ఎత్తిపోసిన మనుషుల బతుకు తలచుకుంటే అనలేను. కానీ ఏ నీటి దారి దానిదే అన్న లెక్క మాత్రం మేస్త్రీలకు ఉండేది.

వాన గొట్టం విడదీసి ఇంకుడు గుంతకు పెట్టడం ఒక రోజు పని. గుంత నిండితే పొర్లిన నీళ్లకు బయటికి వాటం ఉండాలి, లేకపోతే అవి పునాది పట్టుకుంటాయి. సంపు మూత నేలకు సమంగా ఉంటే గట్టు కట్టించాలి. తాగే నీళ్లలో మురుగు కలిశాక బ్లీచింగ్ పొడి కోసం పరుగెత్తి లాభం లేదు. ఇక వీధిలో నీళ్లు నిలిచాయని మ్యాన్‌హోల్ మూతలు ఎత్తేవాళ్లు ప్రతి కాలనీలో ఉంటారు. నీళ్ల కింద ఆ గొయ్యి కనబడదు, అటుగా నడిచేవాళ్లు అందులో పడతారు.

పల్లపు ఇళ్లవాళ్లు బయటి లైను దగ్గర నాన్ రిటర్న్ వాల్వ్ పెట్టించుకుంటున్నారు. మంచిదే. కానీ వీధి మురుగును ఆపడానికి అది మూసుకుంటే మన ఇంటి నీళ్లూ బయటికి పోవు. వాన గొట్టం ఇంకా ఆ వాల్వుకు ఇవతలే కలిసి ఉంటే, మన డాబా నీళ్లే మన బాత్రూమ్‌ని ముంచుతాయి. అందుకే మా ప్లంబర్ పసుపు బకెట్టు పని తేలేదాకా వాల్వ్ బిగించనంటాడు.