వాటం గీత: బళ్ళారి కాలువలు చెప్పే గణితం

హోస్పేట దగ్గర తుంగభద్ర ఆనకట్ట కుడివైపు నుంచి రెండు పెద్ద కాలువలు బయలుదేరుతాయి. ఎగువ కాలువ సుమారు 105 కిలోమీటర్లు కన్నడ నేలమీద నడిచి అనంతపురం జిల్లాలో అడుగుపెడుతుంది, పెన్న దాకా నీళ్లు మోస్తుంది. దిగువ కాలువ బళ్ళారి, సిరుగుప్ప పొలాలు తడుపుతూ సుమారు 250 కిలోమీటర్లు తిరిగాక కర్నూలు వైపు మళ్లుతుంది. నది ఒకటే, ఆనకట్ట ఒకటే. ఏ కాలువ ఏ ఊరికి అందుతుందన్నది మాత్రం అది ఎంత ఎత్తున మొదలైంది, ఎంత వాలుతో దిగింది అన్న రెండు సంగతుల మీద ఆధారపడింది. ఒక బిందువు, ఒక వాలు ఇస్తే గీయగలిగే సరళరేఖ ఒక్కటే అని పిల్లలు గణితంలో చదువుకునే పాఠం ఇదే.

కాలువ పని కాగితం మీద ఎలా మొదలవుతుందో చూద్దాం. తలతూము దగ్గర కాలువ అడుగు మట్టం 100 మీటర్లు అనుకుందాం. ప్రతి 5 కిలోమీటర్లకు ఒక మీటరు దిగాలి. గ్రాఫు కాగితం మీద అడ్డంగా సెంటీమీటరుకు ఒక కిలోమీటరు, నిలువుగా సెంటీమీటరుకు ఒక మీటరు తీసుకుంటాం. సున్నా కిలోమీటరు దగ్గర 100 మీద చుక్క పెట్టి, 5 గళ్లు కుడికి, ఒక గడి కిందికి జరిగి రెండో చుక్క పెట్టి కలిపితే గీత వచ్చేస్తుంది. అయితే అనుభవం ఉన్న చేయి అంత దగ్గర చుక్కను నమ్మదు. దగ్గరి చుక్కలో వెంట్రుకవాసి తేడా వచ్చినా దూరం పోయేకొద్దీ పెద్దదవుతుంది. అందుకే ఒకేసారి 25 గళ్లు కుడికి, 5 కిందికి వెళ్లి అక్కడ చుక్క పెట్టాలి. మధ్యలో 10 దగ్గర గీత 98 మీదుగా పోతుందో లేదో సరిచూసుకోవాలి.

పిల్లలు తికమకపడే చోటు ఒకటుంది. కాగితం మీద ఈ గీత ఐదుకు ఒకటి చొప్పున దిగుతున్నట్టు కనిపిస్తుంది. నేలమీద అసలు వాలు 5000కు ఒకటి. రెండు అక్షాలకూ వేర్వేరు స్కేళ్లు తీసుకోకపోతే ఆ వాలు కంటికి ఆనదు. కాబట్టి వాలు లెక్కించేది గళ్లతో కాదు, గళ్లు సూచించే మీటర్లతో.

అసలు అందం ఆ తర్వాతే ఉంది. అదే కాగితం మీద సర్వేలో తేలిన నేల మట్టాన్నీ గీస్తారు. పదో కిలోమీటరు దగ్గర కాలువ గీత 98 చెబుతోంది, నేల 101 ఉంది. అంటే అక్కడ మూడు మీటర్లు తవ్వాలి. నేల 96 ఉంటే కాలువ అడుగు నేలకంటే రెండు మీటర్లు పైన ఉండాలి. మట్టికట్ట పోయాలి, వాగయితే అక్విడక్టు కట్టాలి. ఒక్క గడ్డపార కూడా దిగకముందే తవ్వే లోతు, పోసే మట్టి, అయ్యే ఖర్చు కాగితం మీదే తేలిపోతాయి. నేల మరీ ఏటవాలుగా పడిపోయే చోట డ్రాప్ కడతారు. గీత 97 దగ్గర ఆగి ఒక్కసారిగా 94కు దిగి, ఆ కొత్త బిందువు నుంచి పాత వాలుతోనే మళ్లీ బయలుదేరుతుంది. సమాంతర రేఖలు ఎందుకని అడిగే విద్యార్థికి ఇంతకంటే మంచి జవాబు లేదు.

వాలును ఇష్టం వచ్చినట్టు పెట్టడానికీ వీల్లేదు. ఎక్కువైతే నీళ్లు అడుగును కోసేస్తాయి, గట్లను తింటాయి. పైగా ఎత్తు తొందరగా పోగొట్టుకున్న కాలువ కింద ఆయకట్టు తగ్గిపోతుంది. తక్కువైతే ఒండ్రు పేరుకుంటుంది, నాచు పెరుగుతుంది, చివరి ఆయకట్టు రైతు తన వంతు నీళ్లు రావాల్సిన వారబందీ రోజున కూడా ఖాళీ కాలువ చూడాల్సి వస్తుంది. పూడిక చేరిన కాలువంటే గీసిన గీత చెదిరిన కాలువే.

ఈ విద్య ఈ గడ్డకు కొత్త కాదు. తుంగభద్ర మీద వల్లభాపురం ఆనకట్టను 1521లో కృష్ణదేవరాయలు కట్టించినట్టు శాసనం ఉంది. బిందువులనూ రేఖలనూ సమీకరణాలతో ముడివేసిన గణితవేత్త డెకార్ట్ పుస్తకం వెలువడింది ఆ తర్వాత వందేళ్లు దాటాక, 1637లో. హంపి రాజప్రాంగణంలో మెట్ల కోనేటికి నీళ్లు తెచ్చిన రాతి తొట్టికాలువ ఇప్పటికీ రాతి కంబాల మీద నిలబడి ఉంది. నేల ఎలా ఉన్నా నీటి దారి వాలు చెడకుండా నిలిపినవి ఆ కంబాలే. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు శాసనం, 1369 నాటిది, చెరువుకు ఉండకూడని దోషాలను కూడా చెప్పింది. వాటిలో రెండు రాజ్యాల సరిహద్దున ఉండటం ఒకటి. 1953లో బళ్ళారి జిల్లా చీలి ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రకూ, బళ్ళారి మైసూరుకూ పోయాక, పంచిన నీళ్లను చూసుకోవడానికి తుంగభద్ర బోర్డు ఎందుకు అవసరమైందో ఆ శాసనకర్తకు ఎవరూ వివరించనక్కర్లేదు.

ఈ పద్ధతి ఇంజనీర్ల సొత్తు కూడా కాదు. మిద్దెమీద వాటం పెట్టే మేస్త్రీ పారదర్శక పైపులో నీళ్లు నింపి రెండు గోడల మీద సమమట్టం గుర్తు పెడతాడు. నీళ్లు పోవాల్సిన వైపు గుర్తు నుంచి కావలసినన్ని అంగుళాలు దించి దారం లాగుతాడు. అతను చేసింది బిందువూ వాలూ లెక్కే. బడిలో ఆ పాఠం దగ్గర ఆగిపోయినవాళ్లు కూడా పనిలో దాన్ని తప్పు లేకుండా చేస్తున్నారంటే, లోపం పాఠం చెప్పే తీరులోనే ఉందని నా అభిప్రాయం.

బళ్ళారి, ఆదోని, రాయదుర్గం బడుల్లో గణితం చెప్పే మాస్టార్లకు ఒక విన్నపం. ఈ అధ్యాయం వచ్చినప్పుడు ఊహాసంఖ్యలతో సరిపెట్టకండి. మీ ఊరి కాలువ మట్టాలు నీటిపారుదల కార్యాలయంలో ఉంటాయి. అడిగి తెచ్చి, పిల్లల చేత గ్రాఫు కాగితం మీద ఆ గీత గీయించండి.