సంజీవనికి మితి : ఎఱ్ఱన కథలును నేటి పాత్రధారణ క్రీడయు

చచ్చినవానిని బ్రదికించు శక్తి కథలో ప్రవేశించినంతనే కథకునకు చిక్కు కలుగును. ఆ శక్తి నిరర్గళమైనచో మృత్యువునకు భయము లేదు. భయము లేనిచోట వీరమునకు విలువ లేదు. శక్తి మిక్కిలి కొఱతపడినచో దానిని కథలోనికి తెచ్చుటయే వ్యర్థము. కావున దానికి మితి యెట్లు కల్పింపవలయు నన్నది కథానిర్మాణ ప్రశ్న. నేడీ ప్రశ్నను తఱచుగా చర్చించువారు కావ్యవిమర్శకులు కారు, ఒక క్రీడ నాడువారు. వారి చర్చకు ఆంధ్ర మహాభారతమున సమాధానము గలదని మా యభిప్రాయము.

1974లో అమెరికాలో గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనువారు వెలువరించిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ ఈ జాతి క్రీడలకు మూలము. కొందఱు బల్లచుట్టు కూర్చుండి తలకొక వీరుని పాత్ర వహింతురు. ఒకడు సూత్రధారుడై కథ నడపును. కార్యఫలమును పాచికలు నిర్ణయించును. పాత్ర ప్రాణబలము అంకెలలో నుండును. అది దెబ్బకు తగ్గును, వైద్యమంత్రమునకు హెచ్చును.

2014 నాటి నియమావళిలో లోపమొకటి ప్రసిద్ధము. ప్రాణబలము ఒక్క అంకెకు దిగిన వీరుడును పూర్ణబలునితో సమానముగా పోరాడును. సున్నకు దిగినపుడే కూలును. అట్లు కూలినవాడు స్వల్పవైద్యముచే మరల లేచును. శత్రువు దెబ్బ వైద్యముకంటె పెద్దదగుట సామాన్యము. కనుక తెలివిగల వైద్యుడు మిత్రుడు పడువఱకు వేచియుండును. గాయపడినవానిని ఆదుకొనుట అవివేకముగను, పడనిచ్చి లేపుట నేర్పుగను పరిణమించినది. 2024 నాటి సవరణలో ప్రథమస్థాయి వైద్యమంత్రమునకు ఎనిమిది ముఖముల పాచిక ఒకటికి బదులు రెండు వేయవలెనని మార్చిరి. దానివలన వైద్యము బలపడినది. కాని లోపహేతువు చెక్కుచెదరలేదు.

మృతసంజీవనమునకు వారు పెట్టిన మితి వేఱు. మరణించిన నిమిషములోపల లేపుటకు 300 బంగారు నాణెముల వజ్రము కావలయును. పది దినములలోపల లేపుటకు 500 నాణెములది. అనగా మృత్యువునకు వెల కట్టిరి. ధనము తక్కువైనపుడు ఈ మితి కఠినము. ధనము సమకూడిన పిదప అది సుంకము మాత్రమే. సుంకము చెల్లించినవాని స్వభావమును గూర్చి కథకు తెలియునది యేమియు లేదు.

మన ప్రాచీనులు ఈ చిక్కు నెఱుగనివారు కారు. హనుమంతుడు తెచ్చిన ఓషధుల గాలికి వానరులు లేచినపుడు రాక్షసులేల లేవలేదన్న శంకకు వాల్మీకియే సమాధానము చెప్పెను: హతులైన రాక్షసులను రావణాజ్ఞచే సముద్రమున పడవైచుచుండిరట. నన్నయ ఆదిపర్వమున శుక్రుని విద్య అసురులకే దక్కుటచే యుద్ధము విషమమైనది. దానిని కచుడు నేర్చినను, దేవయాని శాపముచే అతనికి ఫలింపక, అతడు నేర్పినవారికే ఫలించునట్లయ్యెను. ఇవి రెండును పక్షముల తులను సరిదిద్దు ఉపాయములు.

అద్దంకి నేలిన ప్రోలయవేముని యాస్థానకవి ఎఱ్ఱన పూరించిన అరణ్యపర్వ శేషమున మితి ఇంకను లోతైనది. యముడు భర్తృప్రాణము తక్క వేఱు వరము కోరుమనగా సావిత్రి ఆ హద్దును దాటక, ధర్మ్యవాక్కులతో అతనిని మెప్పించుచు వెంట నడచి, తుదకు ఆ హద్దే తొలగునట్లు చేసెను. యక్షుడు నలువురు తమ్ములలో ఒక్కనినే బ్రదికింతు ననెను. రాబోవు యుద్ధమునకు భీమార్జునులే యండయని యెఱిగియు ధర్మరాజు నకులుని కోరెను. కుంతికి తానున్నాడు, మాద్రికి నొకడుండవలయు నని. ఆ కోరిక వెలువడినంతనే మితితో పని తీరినది; నలువురును లేచిరి. ఇచ్చట మితి వెల కాదు, ఎంపిక. వెల సంచిని పరీక్షించును. ఎంపిక మనిషిని పరీక్షించును.

క్రీడ కావ్యము కాదనియు, పాత్ర చచ్చిన ఆటగాడు గంటలకొలది ఊరక కూర్చుండ వలసివచ్చుననియు ఆక్షేపింపవచ్చును. ఆక్షేపము న్యాయమైనదే. అందుచేతనే మేము వైద్యమును తగ్గింపుమని కోరుటలేదు. కాని 2014 నియమములలోనే, వైద్యము చేయుటయా, శత్రువును కొట్టుటయా అను ఎంపిక ఒక మంత్రమున నిలిచియుండగా, మఱొక మంత్రము వైద్యము చేసియు కొట్టుటకు వీలొసగి దానిని చెఱిపినది. పోయినది బలాబలముల తుల మాత్రమే కాదు, పాత్ర తన్ను తాను వెల్లడించుకొను అవకాశము.

పల్నాట, కారెంపూడిలో, 12వ శతాబ్దపు యుద్ధమున కూలిన వీరుల ఆయుధములకు నేటికిని కార్తికమున పూజ జరుగుచున్నది. ఆ యారాధనకు మూలము వారి మరణమే. అద్దంకి కవి కథలలో మృతులు లేచిరి. అయినను ఆ మరణములు అల్పములు కాలేదు. లేపుటకు ముందు సావిత్రి యెవరో, ధర్మరాజెవరో మనకు తెలిసినది. సంజీవని గల కథకు గాని, క్రీడకు గాని అడుగవలసిన ప్రశ్న ఒక్కటియే: బ్రదికించినవాడు దేనిని వదలుకొనెను? దీనికి వజ్రమని మాత్రమే సమాధానమైనచో ఆ నియమము లెక్కకు సరిపోవును, కథకు సరిపోదు.