ఏ డిస్కొచ్చినా ఒకే జంక్షన్

వికారాబాద్ స్టేషన్‌లో సికింద్రాబాద్ లైను రెండుగా చీలుతుంది. ఒకటి తాండూరు మీదుగా వాడీ దారి పడుతుంది, రెండోది బీదర్ వైపు మళ్లుతుంది. సిమెంటు గూడ్సు వచ్చినా, ఎక్స్‌ప్రెస్ వచ్చినా సిగ్నల్ నియమాలు మారవు. లినక్స్ కెర్నల్‌లో స్టోరేజ్ డ్రైవర్ల అమరిక ఎలా ఉంటుందని అడిగితే, ఈ కాలమ్ రాసేవాడు ఆ జంక్షన్‌నే చూపిస్తాడు.

పాత హార్డ్ డిస్క్‌ను యూఎస్‌బీ కేబుల్‌తో తగిలించి కెర్నల్ లాగ్ తెరిస్తే, చివర్లో ‘అటాచ్డ్ స్కజీ డిస్క్’ అని కనబడుతుంది. స్కజీ 1986 నాటి ప్రమాణం. యూఎస్‌బీ డిస్క్‌కు ఆ పేరెందుకు?

స్కజీ విభాగానికి మూడు అంతస్తులు. పైన డిస్క్, సీడీ, టేప్ డ్రైవర్లు. కింద ఒక్కో కార్డుకు ఒక్కో డ్రైవర్. మధ్య అంతస్తు ఆదేశాలను పంపుతుంది, జవాబు రాకపోతే గడువు చూసి మళ్లీ ప్రయత్నిస్తుంది. కొత్త కార్డు తెచ్చినవాళ్లు కింది అంతస్తు రాస్తే చాలు. యూఎస్‌బీ డిస్కులూ, సాటా డిస్కులూ ఇదే దారిన వచ్చి చేరాయి. ఐడీఈ డిస్కులూ ఈ దారికే మళ్లాక, వాటి పాత డ్రైవర్లను 2021లో, 5.14 వెర్షన్‌లో, పూర్తిగా తీసేశారు.

ఎన్‌వీఎంఈ డిస్కులు మాత్రం ఈ మేడ ఎక్కవు. సాటా డిస్కులకు వాడే ఏహెచ్‌సీఐలో ఒక్కో పోర్టుకు ఒకే క్యూ, అందులో 32 ఆదేశాలు. ఎన్‌వీఎంఈ ప్రమాణం 65,535 క్యూలను అనుమతిస్తుంది. అంత రద్దీని ఒకే వరుసలో నిలబెట్టలేక, 2014 జనవరిలో వచ్చిన 3.13 వెర్షన్‌లో అన్ని డిస్కులకూ ఉమ్మడి అయిన బ్లాక్ లేయర్‌కే బహుళ క్యూల పద్ధతి చేర్చారు.

అన్నిటికన్నా ఈ కాలమ్ రాసేవాడికి ఇష్టమైనది తప్పుగా నడిచే యూఎస్‌బీ పరికరాల పట్టిక. తాండూరు నాపరాళ్లు వంద పేర్చి, 0 నుంచి నంబర్లు వేశారనుకుందాం. చివరి రాయి నంబరు 99. కొన్ని యూఎస్‌బీ పరికరాలు చివరి బ్లాకు నంబరు అడిగితే మొత్తం లెక్క, అంటే 100, చెప్పేస్తాయి. లేని ఆ బ్లాకును చదవబోతే కెర్నల్‌కు ఎర్రర్ ఎదురవుతుంది. దానికోసం అందరూ వాడే కోడ్‌లో చేయి పెట్టకూడదు. పరికరం తయారీదారు నంబరు, మోడల్ నంబరు, ‘లెక్కలో ఒకటి తగ్గించు’ అనే గుర్తు కలిపి పట్టికలో ఒక్క పద్దు చేరిస్తే సరి.

కెర్నల్‌ను మళ్లీ కంపైల్ చేయకుండానే, ఆ నంబర్లకు ‘సీ’ అక్షరం జోడించి బూట్ ఆప్షన్‌గా ఇచ్చి ముందే పరీక్షించుకోవచ్చు. ఆ పట్టిక ఉన్న ఫైలులో చాలా పద్దుల పైన, ఫలానా పరికరంతో ఇబ్బంది పడి కబురు పంపిన మనిషి పేరు రాసి ఉంటుంది.